పిక్క సన్నబడితే కారణం ఎక్కడ వెతకాలి?

సభలో ఉన్న పెద్దలకు, ఆశా కార్యకర్తలకు, ఫిజియోథెరపీ విద్యార్థులకు నమస్కారం. మోకాలికీ చీలమండకూ మధ్య ఉన్న కండ కరిగిపోవడానికి ఏయే కారణాలు ఉండవచ్చు అన్నది ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం. నరాల వైద్యుడిగా నేను చూసేవారిలో, ఒక కాలి పిక్క సన్నబడిందని వచ్చేవారు తక్కువేమీ కాదు. అయితే వారిలో చాలామంది నా దగ్గరికి వచ్చేసరికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే నూనె మర్దన చేయించామనీ, బలానికి సూదులు వేయించామనీ, ప్రొటీన్ పొడి తాగించామనీ చెబుతారు. వారిని తప్పు పట్టలేం. కరిగింది పిక్క కాబట్టి జబ్బు కూడా అక్కడే ఉందని ఎవరైనా అనుకుంటారు. కానీ అసలు కారణం మోకాలి పక్కన ఉండవచ్చు, పిరుదులో ఉండవచ్చు, నడుములో ఉండవచ్చు, వెన్నుపాములో ఉండవచ్చు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులో ఉండవచ్చు. పిక్కకు ఎంత మర్దన చేసినా నడుములో నొక్కుకుపోయిన నరానికి ఏం ఒరుగుతుంది?

కాలు నిజంగా సన్నబడిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి టైలరు వాడే టేపు చాలు. మోకాలి చిప్ప కింద ఎముక మీద చేతికి తగిలే బుడిపె ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, పెన్నుతో గీత పెట్టి, రెండు కాళ్లకూ అదే ఎత్తులో చుట్టుకొలత తీసుకోండి. ఒక సెంటీమీటరు లోపు తేడా ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. తేడా అంతకంటే బాగా ఎక్కువగా ఉన్నా, నెలనెలకూ పెరుగుతున్నా పట్టించుకోవాలి. ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పాలి. కొన్నిసార్లు సన్నగా కనిపించే కాలే మంచి కాలు, రెండోది వాచిన కాలు అయి ఉంటుంది. బోదకాలు తొలి దశలో ఉన్నవారు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారు ఇలా పొరబడి రావడం నేను చూశాను. కాబట్టి వాచిన కాలి మీద వేలితో నొక్కి చూడండి, గుంట పడుతుందేమో గమనించండి.

కొలత కంటే బలం ముఖ్యం. మడమల మీద నడవమంటే నడవగలరా? ఆ పని చేసేది కాలి ముందువైపు కండ. మునివేళ్ల మీద నడవగలరా? గోడకు చెయ్యి ఆనించి ఒంటికాలి మీద నిలబడి, మడమను పదిసార్లు పైకెత్తగలరా? ఆ పని చేసేది వెనకవైపు పిక్క. ముందు కండ బలహీనపడితే పాదం వేలాడుతుంది, నడిచేటప్పుడు మోకాలు ఎత్తెత్తి వేస్తారు, తెలియకుండానే చెప్పు జారిపోతుంది. ఈ చెప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా ఆశా కార్యకర్తలు. "కాలు పడిపోయింది" అని రోగి చెప్పడు. "చెప్పు నిలవడం లేదు" అని చెబుతాడు. చెప్పు జారిందన్న సంగతి తనకు తెలుస్తోందా, లేక వెనక్కి తిరిగి చూస్తే గానీ తెలియడం లేదా అని కూడా అడగండి. తెలియకపోతే బలంతో పాటు స్పర్శ కూడా పోయిందన్న మాట.

ఇక కారణాల్లోకి వద్దాం. కండ కండగా నిలబడాలంటే రెండు ఉండాలి. ఒకటి పని, రెండోది నరం. పని లేక కరిగిపోయే కండను మీరందరూ చూసే ఉంటారు. కాలు విరిగి ఆరు వారాలు సిమెంటు కట్టులో ఉన్నవారికి కట్టు విప్పగానే పిక్క చిక్కిపోయి కనిపిస్తుంది. మోకాలి కీలు దెబ్బతిన్నవారు, మడమ వెనక స్నాయువు, అంటే కండను ఎముకకు కట్టే తాడు, తెగినవారు, నొప్పి వల్ల ఆ కాలి మీద బరువు మోపనివారు, అందరిదీ ఇదే దారి. ఈ రకంలో కండ కరిగినా నరం చెక్కుచెదరదు కాబట్టి, క్రమంగా వ్యాయామం చేస్తే చాలా వరకు తిరిగి వస్తుంది. పుట్టుకతో పాదం లోపలికి తిరిగి ఉన్న పిల్లలకు పొన్సెటి పద్ధతిలో వారం వారం కట్లు మార్చి పాదాన్ని సరిచేస్తారు. పాదం చక్కగా నిలబడ్డాక కూడా ఆ కాలి పిక్క రెండోదానికంటే కొంచెం సన్నగానే ఉండిపోతుంది. తల్లులు భయపడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. ఆ తేడా చికిత్సలో లోపం వల్ల వచ్చింది కాదు, ఆ జబ్బులోనే ఉన్నది. బిడ్డ పరుగెత్తుతుంటే దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

కట్టు విషయంలో మాత్రం బెంగ పెట్టుకోవలసిన సందర్భం ఒకటుంది. కాలి కింది భాగంలో కండలు గట్టి పొరలతో కట్టిన నాలుగు గదుల్లో ఉంటాయి. ఎముక విరిగినప్పుడు లోపల వాపు వస్తుంది. దాని మీద నాటు కట్టయినా, ఆసుపత్రి కట్టయినా బిగుతుగా పడితే ఆ గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది, ఆ తర్వాత ముడుచుకుపోతుంది. కట్టు వేశాక నొప్పి తగ్గాలి గదా? తగ్గకపోగా పెరుగుతూ పోతుంటే, వేళ్లు కదిలిస్తే ప్రాణం పోయినట్టు అవుతుంటే, అర్ధరాత్రయినా సరే ఆ కట్టు విప్పించాలి. తెల్లవారనివ్వకూడదు.

ఇప్పుడు నరం సంగతి. పొలంలో బోరు మోటారు తిరగడం లేదంటే మోటారే కాలిపోయిందని అనుకోం గదా. స్టార్టరు చూస్తాం, తీగ చూస్తాం, ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్లి చూస్తాం. కండ విషయంలోనూ అంతే. నరం తెగిన కండ, పని లేని కండ కంటే వేగంగా, ఎక్కువగా కరిగిపోతుంది. అందువల్ల కింది నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లాలి.

మోకాలికి బయటివైపు, కొద్దిగా కింద, చిన్న ఎముక తల చేతికి తగులుతుంది. మీరు కూర్చున్నచోటనే తడిమి చూడండి. దాని మెడను చుట్టుకుని ఒక నరం ముందుకు వస్తుంది. పాదాన్ని పైకెత్తే కండలకూ, బయటికి తిప్పే కండలకూ ఆజ్ఞలు వెళ్లేది దాని ద్వారానే. అక్కడ దాని మీద చర్మం తప్ప పెద్దగా రక్షణ లేదు. గంటల తరబడి గొంతుకూర్చుని కలుపు తీసేవారికి, కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటున్నవారికి, జబ్బుతో మంచం పట్టి ఒకే వైపు పడుకున్నవారికి, కొద్ది నెలల్లో బాగా బరువు తగ్గినవారికి ఆ నరం అక్కడ నొక్కుకుపోతుంది. కట్టు పైఅంచు ఒత్తుకున్నా ఇదే జరుగుతుంది. చాలామందిలో ఒత్తిడి తీసేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో బలం తిరిగి వస్తుంది.

కానీ మన ప్రాంతంలో ఆ నరాన్ని తడిమేటప్పుడు మనసులో మొట్టమొదట ఉండవలసిన జబ్బు కుష్ఠు. నేను ఈ మాట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే దీన్ని మరిచిపోవడం వల్ల ఇప్పటికీ పాదాలు పోతున్నాయి. 1873 లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టిన ఆ సూక్ష్మజీవికి చల్లని చోట్లలో ఉండే నరాలంటే ఇష్టం. మోచేతి దగ్గరి నరం, మోకాలి పక్కనున్న ఈ నరం, చీలమండ లోపలివైపు నరం చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటిలో చేరుతుంది. నరం ఉబ్బి తాడులా చేతికి తగులుతుంది. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో కుష్ఠు పదివేల మందిలో ఒకరి కంటే తక్కువకు చేరింది. ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని అప్పుడు ప్రకటించారు. ఆ ప్రకటనను చాలామంది జబ్బే లేదన్న అర్థంలో తీసుకున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో కూడా దేశంలో ఏటా లక్ష ప్రాంతంలో కొత్త రోగులు బయటపడుతున్నారు. కాబట్టి పాదం జారుతోందని ఎవరైనా వస్తే ఒంటి మీద స్పర్శ లేని, పాలిపోయిన మచ్చ ఎక్కడైనా ఉందా అని వీపుతో సహా చూడాలి. దూదితో తాకి చూడాలి. మూడు మందుల చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఒక సంవత్సరం వాడాలి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చి ఆ బలాన్ని తిరిగి తెచ్చే అవకాశం చాలా మందిలో ఉంది. అందుకే ఆరు నెలలు అన్న మాటను ఇంత గట్టిగా చెబుతున్నాను. సిగ్గు వల్లనో, భయం వల్లనో మచ్చను దాచుకున్న ప్రతి నెలా ఆ ఆరింటిలోంచి పోతుంది.

అక్కడి నుంచి పైకి, నడుములోకి వెళ్దాం. నడుము కింది భాగంలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారి నరం మొదలును నొక్కితే నొప్పి పిరుదు నుంచి కాలి దాకా పాకుతుందని మీకు తెలుసు. నొప్పి గురించి అందరూ మాట్లాడతారు, కండ గురించి ఎవరూ మాట్లాడరు. ఐదో నడుము నరం నొక్కుకుంటే కాలి ముందు కండ కరుగుతుంది, బొటనవేలు పైకి లేవదు. దాని కిందిది, అంటే మొదటి త్రిక నరం నొక్కుకుంటే పిక్క కరుగుతుంది, మడమ వెనక సుత్తితో తడితే పాదం కదలదు. మరి, పాదం జారినప్పుడు తప్పు మోకాలి పక్కనా, నడుములోనా? విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా వినండి. పాదాన్ని లోపలివైపుకు తిప్పమనండి. ఆ పని చేసే కండకు ఐదో నడుము నరం అందుతుంది గానీ, మోకాలి పక్కనుంచి వెళ్లే నరం అందదు. కాబట్టి ఆ కదలిక కూడా బలహీనంగా ఉంటే నడుమును అనుమానించాలి. అది బాగుండి పాదం పైకెత్తడం మాత్రమే పోయి ఉంటే మోకాలి పక్కన తడమాలి. స్కానింగు లేని పల్లెలోనూ చేయగలిగిన పరీక్ష ఇది. నడుము నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే భాగమంతా మొద్దుబారినా అది ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి.

వెన్నుపాములో, ముందు భాగంలో కండలను నడిపించే కణాలుంటాయి. ఆ కణాలను చంపే జబ్బుల్లో మన తరం అందరికీ తెలిసింది పోలియో. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో ఒక పాపకు వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది. అయినా ఈ సభలోనే పోలియో కాలుతో బడికి వెళ్లి, ఉద్యోగాలు చేసి, పిల్లలను పెంచినవారు ఉన్నారు. వారికి ఒక విషయం చెప్పాలి. చనిపోయిన కణాల కండపోగులను పక్కనున్న కణాలు అదనపు కొమ్మలు వేసి దత్తత తీసుకుంటాయి, అందుకే చిన్నప్పుడు కొంత బలం తిరిగి వచ్చింది. ఆ కణాలు దశాబ్దాల పాటు రెట్టింపు చాకిరీ చేశాయి. నలభై, యాభై ఏళ్ల వయసులో అవి అలసిపోయి ఆ కాలే, కొన్నిసార్లు మంచి కాలు అనుకున్నది కూడా, మళ్లీ సన్నబడటం మొదలుపెడుతుంది. పోలియో తిరిగి రాలేదు, భయపడకండి. అలాగని మొండిగా కసరత్తు చేసి ఆ కండను అలసిపోయేలా చేయకండి. మధ్యమధ్య విశ్రాంతితో తేలికపాటి వ్యాయామం, బరువు పెరగకుండా చూసుకోవడం, కాలికి ఆసరాగా తొడిగే, సరిపడే క్యాలిపరు, ఇవే సాయపడతాయి.

పోలియో అని ముద్ర పడిన కాళ్లలో కొన్ని పోలియో కావు. జ్వరం వచ్చిన పసిపిల్లకు పిరుదులో సూది వేశారు, ఆ వెంటనే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, మర్నాటికి పాదం వేలాడింది అని తల్లి చెబితే, ఆ సూది తొడ వెనకనుంచి వెళ్లే పెద్ద నరానికి తగిలి ఉండవచ్చు. పోలియోలో స్పర్శ పోదు, నరానికి సూది తగిలితే స్పర్శ కూడా పోతుంది. పిరుదులో వేయక తప్పకపోతే పైభాగంలో, బయటి వైపునే వేయాలన్నది అందుకే. రెండేళ్ల లోపు పిల్లలకు తొడ పక్కన వేయడమే క్షేమం.

ఇప్పుడు చెప్పబోయేది మన దేశపు వైద్యులు ప్రపంచానికి వివరించిన జబ్బు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాడు, ఎక్కువగా మగపిల్లవాడే, నొప్పి లేదు, తిమ్మిరి లేదు, ఒక కాలి పిక్క మాత్రం సన్నబడుతుంది. ఒక కబడ్డీ ఆటగాడిని నా దగ్గరికి తీసుకొచ్చింది అతని స్నేహితులు. కోర్టులో నిక్కరు వేసుకుని నిలబడితే వెనకనుంచి వారికి కనిపించింది గానీ అతనికి తెలియలేదు. అతని కుడి పిక్క ఎడమ దాని కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ, అయినా ఆడుతూనే ఉన్నాడు. ఇలాంటి రోగులను చండీగఢ్ వైద్యులు 1981 లో క్షీణించిన కాలు అన్న పేరుతో వర్ణించారు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ గౌరీదేవి బృందం 1984 లో చేయి గానీ కాలు గానీ ఒక్కటే క్షీణించే ఈ జబ్బును విస్తృతంగా వివరించింది. కొన్నేళ్లు నెమ్మదిగా ముదిరి, ఆ తర్వాత చాలామందిలో అక్కడితో ఆగిపోతుంది. ఆ కుర్రవాడికీ, అతని తండ్రికీ నేను చెప్పిన మొదటి మాట అదే: ఇది ప్రాణం తీసేది కాదు.

ఎందుకంటే వారు ఇంటర్నెట్‌లో చదివి వచ్చింది మోటార్ న్యూరాన్ జబ్బు గురించి, అంటే కండలను నడిపించే కణాలు వరసగా చనిపోతూ ప్రాణం మీదికి తెచ్చే జబ్బు గురించి. అది కూడా ఒక పాదం జారడంతోనే మొదలుకావచ్చు. కండ కరిగిన కాలిలోనే సుత్తి దెబ్బకు ప్రతిస్పందన మామూలు కంటే ఉధృతంగా ఉండటం, నెలల్లో రెండో కాలికో చేతికో పాకడం, కండ చర్మం కింద అదరడం దాని లక్షణాలు. మన దక్షిణాదిలో చిన్న వయసులోనే వచ్చి, వినికిడిని కూడా తగ్గించి, మెల్లగా నడిచే రకం ఒకటుంది. దాన్ని 1970 లో మద్రాసు వైద్యులు గుర్తించారు. అయితే పిక్కలో కండ అదిరిన ప్రతివారూ భయపడనక్కరలేదు. బలం తగ్గకుండా, కండ కరగకుండా పిక్క అదరడం ఎందరికో ఉంటుంది, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు.

ఇంతవరకు ఎక్కువగా ఒక కాలి గురించి మాట్లాడాను. రెండు కాళ్లూ సమానంగా సన్నబడితే ఆలోచన మార్చుకోవాలి. పాదం మధ్యలో గుంట బాగా లోతుగా ఉండి, వేళ్లు వంకర తిరిగి, మోకాలి కింద కండ లేకుండా తొడ మాత్రం మామూలుగా ఉంటే తల్లిదండ్రుల పాదాలు, అన్నదమ్ముల పాదాలు కూడా చూడాలి. 1886 లో పారిస్‌లో షార్కో, మరీ, ఇంగ్లండ్‌లో టూత్ వర్ణించిన వంశపారంపర్య నరాల జబ్బు అది. తరచు తండ్రికి కూడా ఉంటుంది, ఆయన దాన్ని జబ్బుగా ఎన్నడూ అనుకుని ఉండడు.

మేనరికాలు మనకు అలవాటు. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపమున్న జన్యువు దాగి ఉండి, బిడ్డలో రెండూ కలిసినప్పుడు బయటపడే కండర వ్యాధులు అందువల్ల మన దగ్గర ఎక్కువగానే చూస్తాం. వాటిలో రెండింటిని చెబుతాను. ఒకటి మియోషీ రకం. ఇరవై ఏళ్ల ప్రాంతంలో పిక్కలు కరిగి, మునివేళ్ల మీద నిలబడలేరు. కండనుంచి కారే సీకే అనే ఎంజైము రక్తంలో మామూలు కంటే పదుల రెట్లు ఉంటుంది. లివరు పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కూడా కండనుంచే పెరుగుతాయి కాబట్టి, లివరు చెడిందనుకుని నెలల తరబడి పత్యం చేసినవారు ఉన్నారు. రెండోది జీఎన్ఈ రకం. దీనిలో ముందు కండలు పోయి పాదాలు జారతాయి, తొడ ముందు కండ మాత్రం చాలాకాలం గట్టిగా ఉంటుంది. ఈ రెంటినీ జన్యు పరీక్షతో తేల్చవచ్చు. చెల్లెలి పెళ్లి దగ్గరి సంబంధంలో చేయాలనుకునే ఇంట్లో ఆ పరీక్ష ఫలితం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

షుగరు, దీర్ఘకాలపు మద్యం, బీ12 లోపం నరాల చివర్లను దెబ్బతీస్తాయి, ముందు పాదాల మంటలూ తిమ్మిరీ వచ్చి తర్వాత కండ తగ్గుతుంది. పొగ తాగేవారికి కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది రక్తనాళం మూసుకుపోవడం, నరం జబ్బు కాదు. వయసు పైబడినవారికి రెండు పిక్కలూ తగ్గడం సహజం. ఆసియా దేశాల నిపుణులు 2019 లో మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్ల కంటే పిక్క చుట్టుకొలత తక్కువైతే కండ లోపాన్ని అనుమానించమన్నారు. అది పిక్క జబ్బు కాదు, ఒళ్లంతా తగ్గుతోందనడానికి గుర్తు. వారికి పప్పు, గుడ్డు, పాలు, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం పనికొస్తాయి. ప్రొటీన్ అవసరమైనవారు నిజంగా ఉన్నారు, వారు వీరు.

పరీక్షల గురించి క్లుప్తంగా చెబుతాను. నరానికి చిన్న కరెంటు ఇచ్చి వేగం కొలిచే పరీక్ష, కండలో సన్నటి సూది పెట్టి చూసే ఈఎంజీ, ఈ రెండూ కలిపితే తప్పు నరంలో ఉందో, నరం మొదట్లో ఉందో, కండలోనే ఉందో చాలావరకు తెలుస్తుంది. నరం దెబ్బతిన్న గుర్తులు సూది పరీక్షలో కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి రోజు మామూలుగా వచ్చిందని ఊరుకోకూడదు. నడుము ఎంఆర్ఐ అందరికీ మొదటే అక్కరలేదు. నలభై దాటిన చాలామంది నడుము ఎంఆర్ఐలో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని మోకాలి పక్కనున్న అసలు తప్పును వదిలేసే ప్రమాదం ఉంది.

ఇంక, నరం తిరిగి రాదని తేలినవారి సంగతి. తెగిన నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం వచ్చి చేరినా కండ దాన్ని అందుకునే స్థితిలో ఉండదు. అప్పటిదాకా పాదం కిందికి బిగుసుకుపోకుండా రోజూ చేత్తో పైకి వంచాలి, చెప్పులో పట్టే ప్లాస్టిక్ పట్టీ వేసుకోవాలి. బిగుసుకుపోయిన మడమకు తర్వాత ఏ ఆపరేషనూ సులువుగా కుదరదు. కుష్ఠు వల్ల పాదం జారినవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఆ జబ్బు కాలి వెనకవైపు నరాన్ని చీలమండ దగ్గర పట్టుకుంటుంది, పాదాన్ని లోపలికి తిప్పే కండకు వెళ్లే కొమ్మ అంతకంటే చాలా పైనే విడిపోతుంది. అందువల్ల ఆ కండ సాధారణంగా బాగానే ఉంటుంది. దాని స్నాయువును పాదం లోపలి అంచు నుంచి విడదీసి, ముందువైపుకు తెచ్చి కుడితే పాదాన్ని ఎత్తే పని అది చేస్తుంది. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠు రోగుల చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు మొదలుపెట్టిన నాటి నుంచి ఈ విద్య మన దక్షిణాదిలో పెరిగింది. ఆపరేషన్ అయ్యాక కట్టులో కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు కొత్త పనిని ఆ కండకు నేర్పాలి. మొదట్లో రోగి పాదాన్ని లోపలికి తిప్పాలని అనుకుంటాడు, పాదం పైకి లేస్తుంది. కొన్ని వారాల అభ్యాసంతో పైకెత్తాలని అనుకుంటేనే లేవడం మొదలవుతుంది. పట్టీ లేకుండా, చెప్పు జారకుండా నడిచే స్థితికి రావడం అక్కడి నుంచే.